పడగ నుంచి తోక దాకా

శ్రీవారి మెట్టు దగ్గర ఆటో దిగేసరికి కొండ మీద ఇంకా మసకగానే ఉంది. సంచీ, చెప్పులు లగేజీ కౌంటర్లో ఇచ్చి చీటీ జేబులో పెట్టుకున్నారు. మీకంటే ముందే అవి పైకి చేరిపోతాయి. మొదటి మెట్టుకు దండం పెట్టి కాలు మోపితే రాయి చల్లగా తగిలింది. ఇక్కడి నుంచి తిరుమలకు 2.1 కిలోమీటర్లు, 2388 మెట్లు. అంటే సగటున మీటరు దూరం కూడా నడవకముందే మరో మెట్టు ఎదురవుతుంది. రెండు కిలోమీటర్లేగా అనుకున్న కుర్రకారు రెండేసి మెట్లు ఒక్క అంగలో వేస్తూ, కేకలు పెడుతూ మిమ్మల్ని దాటిపోయింది.

కాసేపటికి ఆ కుర్రాళ్లే పిట్టగోడకు చేరగిలబడి కనిపిస్తారు. ఒకడు నెత్తిన నీళ్లు పోసుకుంటున్నాడు. ఇంకొకడు ఫోన్లో ఇంకెన్ని మెట్లున్నాయో వెతుకుతున్నాడు. మీ గుండె చప్పుడు మీ చెవులకే వినిపిస్తోంది.

మీ పక్కన ఇద్దరు అక్కాచెల్లెళ్లు ఎక్కుతున్నారు. పెద్దావిడ చేతిలో పసుపు కలిపిన చెంబు, చిన్నావిడ చేతిలో కుంకుమ పొట్లం. పెద్దావిడ వంగి మూడు వేళ్లతో మెట్టుకు పసుపు రాస్తుంది. ఆ తడి ఆరకముందే చిన్నావిడ దాని మీద బొట్టు పెడుతుంది. నడుం పట్టుకోరు, పైకి ఎంతుందో చూడరు. మెట్టు తర్వాత మెట్టు, అంతే. మీరు రెండోసారి కూలబడి మజ్జిగ తాగుతూ ఉండగా వాళ్లు అదే తీరున మిమ్మల్ని దాటారు. "మెల్లింగా పో నాయనా. గోవిందా అనేదానికి ఊపిరి మిగలల్ల" అంది పెద్దావిడ తల ఎత్తకుండానే.

మాట్లాడగలిగేంత వేగంతోనే నడవాలని వ్యాయామం నేర్పేవాళ్లు చెప్పేదీ ఇదే. గోవింద నామం గొంతు దాటి రాకపోతే మీరు తొందరపడుతున్నట్టే. ఆ ఒక్క కొలతా పట్టుకుని లేచి నడవండి. మెట్లు ఇంకా అంతే నిలువుగా ఉన్నాయి, కానీ మీరు ఆగడం తగ్గింది. రెండు పక్కలా అడవి దగ్గరగా ఉంటుంది. 2021 నవంబరు వానలకు ఈ దారి చాలాచోట్ల కొట్టుకుపోయింది, మరుసటి ఏడాది మేలో గానీ మళ్లీ తెరవలేదు. కొత్త రాతికట్టు ఎక్కడెక్కడ కనిపిస్తే అక్కడక్కడ కొండ జారిందని అర్థం.

ఈ కొండల వరుసంతా పడుకున్న ఆదిశేషుడేనని పెద్దల మాట. పడగ మీద తిరుమల, నడుం మీద అహోబిలం, తోక దగ్గర శ్రీశైలం. భూగర్భ శాస్త్రాన్ని అడిగినా దాదాపు అదే చెబుతుంది: శేషాచలం, నల్లమల రెండూ కడప బేసిన్ అనే ప్రాచీన శిలాప్రాంతంలోవే. కిందినుంచి మీదికి ఎక్కడ నడిచినా అరికాలికి తగిలేవి ఎక్కువగా ఆ గట్టి క్వార్ట్‌జైట్ రాళ్లే. ఇంత పొడుగు శేషుడి మీద ప్రతి కాలికీ సరిపడే దారి ఒకటుంది. ఎటొచ్చీ, కిలోమీటర్లు చూసి ఎంచుకున్నవాడు మాత్రం బోల్తా పడతాడు. దారి తేలికో కష్టమో తేల్చేవి మెట్ల వాలు, నీళ్లు, తిథి.

కావాలంటే అలిపిరికి రండి. ఇక్కడ 3550 మెట్లు, దూరం సుమారు 9 కిలోమీటర్లు. అంకెలు చూస్తే ఇదే కష్టమనిపిస్తుంది. అదే మెట్లను దూరంతో భాగించి చూడండి, రెండున్నర మీటర్లకు ఒకటి పడుతుంది. అందుకే ముసలీ ముతకా, చంటిబిడ్డల తల్లులూ ఎక్కువగా కనిపించేది ఈ దారిలోనే. పాదాల మండపంలో జనం స్వామి పాదుకలు నెత్తిన పెట్టుకుని ప్రదక్షిణ చేస్తున్నారు. కాస్త పైన తలయేరు గుండు. ఆ బండకు తల, మోకాళ్లు ఆనిస్తే నొప్పులు పోతాయని నమ్మకం. తాకి తాకి ఆ మేర రాయి నున్నబడింది.

ఆ తర్వాత గాలి గోపురం దాకా ఊపిరి ఆడదు. ఈ దారికి ఉన్న కష్టంలో ఎక్కువ భాగం మొదటి సగంలోనే ఉంది, అది చెప్పకుండా పెద్దవాళ్లను తీసుకురావడం అన్యాయం. గోపురం చేరాక నేల చదునవుతుంది. కంచెకు అవతల జింకలు మేస్తుంటాయి. ఉప్పూకారం చల్లిన మామిడి ముక్కలు, ఉడకబెట్టిన పల్లీలు, నిమ్మసోడా, ఏదో ఒకటి నములుతూ నడిచేయవచ్చు. ఎప్పుడో చదివిన బడి పాఠాల కబుర్లు, పెళ్లి సంబంధాల కబుర్లు ఇక్కడే మొదలవుతాయి. చివర్లో మోకాళ్ల మెట్టు మళ్లీ నిలువుగా లేస్తుంది. ఇది శేషుడి శరీరమని, పాదం మోపరాదని రామానుజులు మోకాళ్ల మీద ఎక్కారని చెబుతారు. మీ ముందు ఒక పాతికేళ్ల పిల్ల అలాగే ఎక్కుతోంది. వెనకనుంచి ఆమె తమ్ముడు ఒక తుండు మడిచి మెట్టు మెట్టుకూ ముందుకు జరుపుతున్నాడు.

ఈ దారి మీద పిల్లల చెయ్యి వదలకండి. 2023 ఆగస్టులో ఇక్కడే ఆరేళ్ల పాపను చిరుత ఎత్తుకుపోయి చంపింది. ఆ తర్వాతే పిల్లలతో నడిచేవాళ్లకు వేళల ఆంక్షలు, గుంపులుగా వెళ్లాలనే నియమం, చేతికర్రలు వచ్చాయి. పైన కప్పు, పక్కన దుకాణాలు, మైకులో నామాలు ఉన్నంత మాత్రాన అడవి ఊరైపోదు.

ఇంకో మాట. ఎక్కడం గుండెకు పరీక్ష, దిగడం మోకాళ్లకు. నలభై దాటినవాళ్లు ఎక్కినంత ఉత్సాహంగా దిగబోతే ఆ వారమంతా కుర్చీలోంచి లేవలేరు. దిగడానికి బస్సుంది. దానికి సిగ్గుపడాల్సిందేమీ లేదు.

ఈ రెండు దారులూ చేతకాని కాళ్లకు జాపాలి ఉంది. తిరుమలలో పాపవినాశనం బస్సెక్కి దారిలో దిగితే, చెట్ల నీడలోంచి మెట్ల బాట లోపలికి పోతుంది. బామ్మలు మనవళ్ల భుజం పట్టుకుని, మధ్య మధ్య అరుగుల మీద కూర్చుంటూ, కోతులను అదిలిస్తూ ఆంజనేయస్వామి గుడికి చేరుకుంటారు. పక్కనే రామకుండం. ఎండాకాలం మధ్యాహ్నం కూడా ఇక్కడ నీడ చెదరదు. తిరుమలకు వచ్చి క్యూలోనే రోజంతా గడిపి వెళ్లేవాళ్లను చూస్తే జాలి వేసేది ఈ చెట్ల కిందే.

అదే బస్సు చివరిదాకా పోతే పాపవినాశనం డ్యాం. మామూలు రోజుల్లో అక్కడితో దారి ఆగిపోతుంది, అవతలంతా కట్టుదిట్టమైన అడవి. కానీ ఇవాళ ఫాల్గుణ పౌర్ణమి, తుంబురు తీర్థ ముక్కోటి. అడవి గేటు తీశారు.

జనం చీమల బారులా సాగుతున్నారు. మైకులో హెచ్చరిక ఆగకుండా వస్తోంది: గుండెజబ్బు, ఉబ్బసం, స్థూలకాయం ఉన్నవాళ్లు రావద్దు. వినీ విననట్టు ఒక పెద్దాయన బెల్టు బిగించుకుంటున్నాడు, భార్య మాత్రం చేతిలోని సంచీ నేలమీద పెట్టి కదలనని కూర్చుంది. ఆవిడే తెలివైనది. స్వచ్ఛంద సేవకులు పులిహోర, పెరుగన్నం, మజ్జిగ పంచుతున్నారు. తినండి, ముందు దొరకదు.

మొదటి గంట ఎండుటాకుల మీద నడక. చెట్లలో సగం ఎర్రచందనమే. ప్రపంచంలో ఈ చెట్టు సహజంగా పెరిగేది తూర్పు కనుమల దక్షిణ భాగంలోని ఈ కొండల్లోనే. బెరడు నల్లగా, మొసలి వీపులా పెళ్లలు పెళ్లలుగా పగిలి ఉంది. ఒక కాయ రాలి మీ ముందు పడింది, చుట్టూ పలచని రెక్క, మధ్యలో గింజ ఉబ్బు. చేతిలోకి తీసుకుంటే ఎండు కాగితమంత బరువు కూడా లేదు. దీని దుంగల కోసమే ఈ అడవిలో దశాబ్దాలుగా దొంగలూ పోలీసులూ దాగుడుమూతలు ఆడుతున్నారు, ప్రాణాలు కూడా పోయాయి. అనుమతి లేకుండా మామూలు రోజు ఇక్కడ అడుగుపెడితే నేరం. శేషాచలం నిండా అంత అందమైన దారులుండి కూడా మిగతా చోట్లలా బాణం గుర్తులు పెట్టిన నడక బాటలు లేకపోవడానికి ఎర్రచందనం ఒక కారణం, జంతువులు మరో కారణం. అందుకే ఇక్కడ కొండెక్కాలనుకునేవాడు ముందు పంచాంగం తిరగెయ్యాలి. పుష్య పౌర్ణమికి రామకృష్ణ తీర్థం, మాఘ పౌర్ణమికి కుమారధార, ఫాల్గుణ పౌర్ణమికి తుంబురు.

దారి లోయలోకి దిగడం మొదలైంది. మట్టి పోయి బండలు వచ్చాయి. బండల మీద అంతకుముందు వెళ్లినవాళ్ల తడి కాళ్ల గుర్తులు. వాటి మీద కాలు వేస్తే జారుతుంది, పక్కన వెయ్యండి. నిలువుగా ఉన్నచోట నిచ్చెన, నీళ్లు లోతైనచోట తాడు. రెండు పక్కలా రాతి గోడలు ఎత్తవుతూ దగ్గరకు జరుగుతూ వచ్చాయి, చివరికి కొండను ఎవరో నిలువునా చీల్చినట్టు ఒక సందు. పైన ఆకాశం సన్నటి పట్టీలా మిగిలింది. మొలలోతు నీళ్లలో తాడు పట్టుకుని ముందుకు పోతుంటే మార్చి ఎండలో కాలిన ఒళ్లు ఒక్కసారి ఝల్లుమంది. వెనక ఎవరో "గోవిందా" అన్నారు. ఆ గోడల మధ్య ఆ కేక పదిసార్లు తిరిగింది.

బద్ధకించిన భార్యను కప్పవై పొమ్మని తుంబురుడు శపించాడని, ఆమె ఇక్కడే ఉండి శాపం తీర్చుకుందని స్థలపురాణం. ఈ నడక నడిచాక ఆ కథలో బద్ధకస్తులకు చేసిన హెచ్చరిక బాగా అర్థమవుతుంది. నాకైతే తరిగొండ వెంగమాంబ గుర్తొస్తుంది. పద్దెనిమిదో శతాబ్దపు ఆ కవయిత్రి తిరుమలలో సతాయింపులు పడలేక ఈ కోనలోనే ఏళ్ల తరబడి తపస్సు చేసుకుందని చెబుతారు. తాడూ లేదు, మజ్జిగా లేదు, మైకూ లేదు. ఒంటరి ఆడమనిషి ఈ బండలు దిగి వచ్చిందంటే, నడకలో మగవాళ్ల బలం, ఆడవాళ్ల బలహీనత అనే మాటలు ఎంత వట్టివో తెలుస్తుంది.

తిరిగి ఎక్కేటప్పుడు దిగేవాళ్లు అడుగుతారు, ఇంకెంత దూరమని. అందరూ ఒకే జవాబు చెబుతున్నారు: "వచ్చేసింది, పది నిమిషాలు." మన దారుల్లో పది నిమిషాలంటే అరగంట నుంచి గంట దాకా ఎంతైనా కావచ్చు. ఈ అబద్ధం ఎవరినీ నొప్పించదు, నీళ్ల సీసా ఖాళీ అయినవాణ్ణి తప్ప.

తలకోన గురించి నాలుగు ముక్కలు చాలు. అక్కడికి పంచాంగంతో పనిలేదు. నేరబైలు దాటి సిద్ధేశ్వరస్వామి గుడి దాకా వాహనం వెళ్తుంది, అక్కడినుంచి జలపాతం అడుగుకు పిల్లలతో కూడా నడిచిపోవచ్చు. 270 అడుగుల ఎత్తునుంచి నీళ్లు పడతాయి. దారిలో ఏనుగు తొండమంత లావున చెట్టునుంచి చెట్టుకు పాకిన గిల్లతీగను చూడండి. తడి బండల సందుల్లో ఓపిగ్గా వెతికితే బంగారు రంగు బల్లి కనిపించినా కనిపించవచ్చు. ఆదివారం మాత్రం పోకండి, జలపాతం కంటే స్పీకర్ల మోతే ఎక్కువ.

ఇప్పుడు శేషుడి నడుం మీదికి రండి. దిగువ అహోబిలంలో బస్సు దిగగానే జీపులవాళ్లు చుట్టుముడతారు. "యాడికి సామీ? నవ నారసింహులా? ఒక్కరోజులో చూపిచ్చా!" ఒక్కరోజులో తొమ్మిదీ చూడటం జీపువాళ్ల మాటల్లో తేలికే, మీ కాళ్లకు కాదు. ఏ కాలికి ఏ గుడో ఇక్కడంత స్పష్టంగా విడగొట్టిన చోటు నేనెక్కడా చూడలేదు. ఛత్రవట, యోగానంద నరసింహులకు దిగువ నుంచి ఆటో చాలు. ఎగువకు పోయే రోడ్డు పక్కనే చెట్టు కింద కారంజ నరసింహుడు. భార్గవుడికి కాస్త కుదుపుల దారి. పావన నరసింహుడు అడవి లోపల, జీపులో వెళ్తే నడుం విరుగుతుంది, నడిచి వెళ్తే కాళ్లు విరుగుతాయి. క్రోడ, మాలోల, జ్వాలా నరసింహులకు నడకే దారి.

ఎగువ అహోబిలం గుడి పక్కన కర్రలు అమ్ముతున్నారు. ఒకటి తీసుకోండి. మీ ముందు నలుగురు మనుషులు వెదురు బొంగులకు కట్టిన డోలీలో ఒక ముసలమ్మను మోసుకుపోతున్నారు. ఆమె డోలీలో కూర్చునే దారి చెబుతోంది, "ఆ రాయి జాగ్రత్త నాయనా, అక్కడ నీళ్లున్నాయి చూడు" అని. మోసేవాళ్లు నవ్వుకుంటున్నారు, వాళ్లకు ఈ రాళ్లన్నీ పేరుపేరునా తెలుసు.

భవనాశి వాగు పక్కనే నడక. క్రోడ నరసింహుడు దగ్గరలోనే ఉన్నాడు, అక్కడిదాకా పిల్లలూ వస్తారు. ఆపైన బండరాళ్లు మోకాలెత్తుకు, నడుమెత్తుకు పెరుగుతాయి. ఇనుప వంతెనలు, మెట్లు, మళ్లీ వాగు. జ్వాలా నరసింహుడి దగ్గరికి వచ్చేసరికి కొండ చరియ మీద సన్నని బాట, పైనుంచి నీటిధార నేరుగా ఆ బాట మీదే పడుతోంది. తడవకుండా గుడికి పోయే మార్గం లేదు. అవతల రక్తకుండం, హిరణ్యకశిపుణ్ణి చంపి స్వామి చేతులు కడుక్కున్నచోటని చెబుతారు. చాలామంది ఇక్కడినుంచి మాలోలుడికో ఇంటికో మళ్లుతారు. మళ్లితే తప్పేమీ లేదు.

మీరు మళ్లలేదు. ఉగ్రస్తంభం ఎక్కాలని దారి చూపే కుర్రాణ్ణి మాట్లాడుకున్నారు. ఇంకా మీసం సరిగ్గా రాలేదు, కాళ్లకు ఒట్టి రబ్బరు చెప్పులు. "రాయి కదిల్తే కాలెయ్యొద్దు సామీ. పాచి ఉంటే చూడను గూడా చూడొద్దు" అని ఒక్క పాఠం చెప్పి ముందు నడిచాడు. బాట లేదు. వాగు దొర్లించిన రాళ్లు, వాటి మధ్య చెట్ల వేళ్లు. అతను ముందు కాలు వేసిన రాయినే మీరు వెతుక్కుని వేస్తారు. ఒకచోట రెండు చేతులూ కావాల్సి వచ్చింది, కర్రను ముందుకు విసిరి పాకుతూ ఎక్కారు. కర్ర అందలేదు, మళ్లీ జారి మీ ఒళ్లోకే వచ్చింది. కుర్రాడు పైన కూర్చుని, నవ్వకుండా, ఎంతో గౌరవంగా ఎదురుచూస్తున్నాడు. చివర్లో ఇనుప కమ్మీ పట్టుకుని రాతి మీదికి లేస్తే ఒక్కసారిగా గాలి. నరసింహుడు చీల్చుకొచ్చిన స్తంభం ఇదేనంటారు. చీలిన కొండ చెక్కలాగే ఉంది. పాదాల గుర్తుల మీద కుంకుమ. కింద ఎటుచూసినా నల్లమల, అక్కడక్కడ ఎండిన వాగుల తెల్లటి గీతలు.

"చెంచులకు సామి ఇంటల్లుడు కదా" అన్నాడు కుర్రాడు నీళ్లు తాగుతూ. చెంచులక్ష్మిని పెళ్లాడినందుకు. అందుకే సంక్రాంతి తర్వాత పారువేటకు ఉత్సవమూర్తులు పల్లకిలో బయల్దేరి, నలభై రోజులకు పైగా పల్లెపల్లెకూ తిరిగి స్వామి పెళ్లికి పిలుస్తాయి. దేవుడే నడక మీద ఉండే ఊరిది. అదిగో, దిగేటప్పుడు మోకాళ్లు వణుకుతున్నాయి. కర్ర అసలు ఉపయోగం ఇప్పుడు తెలుస్తుంది. ఒళ్లు పక్కకు తిప్పి, కర్ర ముందు నాటి, దాని మీద సగం బరువు వేసి దిగండి.

అహోబిలానికీ శ్రీశైలానికీ మెట్లు కట్టించింది ఒక్కరే, పద్నాలుగో శతాబ్దపు రెడ్డిరాజు ప్రోలయ వేమారెడ్డి. శ్రీశైలం మెట్లు చూడాలంటే ఉగాది ముందు ఆత్మకూరు వైపునుంచి నల్లమలలోకి దిగాలి. వెంకటాపురం దాటితే అడవే. శ్రీశైలం నలభై కిలోమీటర్లకు పైనే. శివరాత్రికీ ఉగాదికీ తప్ప ఈ దారి తెరుచుకోదు. దేశంలో విస్తీర్ణంలో అతిపెద్ద పులుల అభయారణ్యం మరి.

ఇక్కడ కష్టం నిలువు కాదు, ఎండ. ఉదయం పదికే గొంతు ఎండిపోతుంది. చుట్టూ ఎక్కువగా వినిపించేది కన్నడం. భ్రమరాంబ తమ ఆడబిడ్డని, ఉగాదికి పుట్టింటి సారె పెట్టాలని వాళ్ల నమ్మకం. కొందరు వందల కిలోమీటర్లు నడిచి వచ్చి ఈ అడవిలో అడుగుపెడుతున్నారు. ఒకతను మరకాళ్ల మీద నడుస్తున్నాడు, జనం దారి ఇస్తున్నారు. నాగలూటి వీరభద్రుడి గుడి నీడలో ఒక పెద్దాయన కాలు చాపి కూర్చున్నాడు. అరికాలి బొబ్బను కొడుకు సూదితో గుచ్చి, పసుపూ నూనే రాసి, పాత పంచె చించి కడుతున్నాడు. అది చూసి మీ బూట్ల లోపలి మంటను మరిచిపోయినట్టు నటిస్తారు. భాష తెలియకపోయినా ఆయన మీ బూట్ల వైపు చూసి, తన వట్టి కాలు చూపించి, చెయ్యి ఊపాడు: తీసెయ్యి. తీయకండి. అలవాటు లేని కాలికి వట్టి కాళ్ల నడక భక్తి కాదు, గాయం. ఆయన పాదం అలా గట్టిపడటానికి ఒక జీవితం పట్టింది.

పెచ్చెరువు దగ్గర రాత్రి మజిలీ. మర్నాడు చీకటితోనే లేచి నడిస్తే ఎండ ముదిరేలోపు భీముని కొలను లోయ. ఆ లోయలోకి దిగడం, అవతలి గోడనంతా ఎక్కడం, అదీ ఈ నడకలో నిలువు. పాత రాతి మెట్లు వందల కొద్దీ ఉన్నాయి, కొన్ని అరిగి గుంటలు పడ్డాయి. "మల్లయ్యా" అని ఒకరు, "మల్లన్నా" అని ఒకరు. పైన కైలాసద్వారం. అక్కడ కూర్చున్నవాళ్లలో సగంమంది ఏడుస్తున్నారు, సగంమంది నిద్రపోతున్నారు.

రెండు రోజుల నడక మీవల్ల కాదనుకోండి. శ్రీశైలం వైపునుంచి హటకేశ్వరం మీదుగా కైలాసద్వారానికి బండిలో వచ్చి, కొలను దాకా దిగి మళ్లీ ఎక్కవచ్చు. సగం రోజు పని, కానీ ఆ సగం రోజూ మెట్లే. అదీ కాదంటే హటకేశ్వరం పక్కనే పాలధార పంచధార ఉంది. మెట్లు దిగితే కొండలోంచి నీళ్లు, చల్లటి నీడ. ఆదిశంకరులు తపస్సు చేసిన చోటని చెబుతారు. మోకాళ్ల ఆపరేషన్ చేయించుకున్నవాళ్లు కూడా కమ్మీ పట్టుకుని దిగొస్తున్నారు.

కృష్ణ దాటితే తెలంగాణ, అదే నల్లమల. చైత్ర పౌర్ణమికి సలేశ్వరం జాతర. మన్ననూరు దాటి ఫరహాబాద్ గేటు లోంచి బళ్లన్నీ దుమ్ములో వరసగా లోపలికి పోతున్నాయి. రాంపూర్ పెంట దగ్గర దిగి నడక. ఇప్పటిదాకా నేర్చుకున్నదంతా ఇక్కడ తిరగబడుతుంది. మిగతా చాలాచోట్ల ఎక్కి దేవుణ్ణి చూసి దిగుతారు, ఇక్కడ ముందు దిగి చూసి, అలిసిన కాళ్లతో ఎక్కాలి. "వస్తున్నం లింగమయ్యా!" అని దిగేవాళ్ల కేక, "పోతున్నం లింగమయ్యా!" అని ఎక్కేవాళ్ల కేక. ఒకే సన్నటి చరియ మీద ఇద్దరూ ఎదురుపడుతున్నారు. దిగేవాడు కొండ వైపు ఒదిగి నిలబడాలి, ఎక్కేవాడిని పోనివ్వాలి. ఎవరూ రాసి పెట్టలేదు గానీ తెలిసినవాళ్లు అలాగే చేస్తున్నారు. తోసుకొచ్చేవాళ్లంతా కొత్తవాళ్లే.

అడుగున రెండు కొండల నడుమ ఎంతో ఎత్తునుంచి జలధార. ఏప్రిల్ ఎండలో కూడా ఆ నీళ్లు పళ్లు కొట్టుకునేంత చల్లన. గుహలో లింగం దగ్గర పూజారులు చెంచులే, వరస కదులుతూనే ఉంది. నెత్తి తడుపుకుని, సీసా నింపుకుని, ఎక్కడం మొదలుపెట్టండి. ఎండ నెత్తిన పడకముందే పైకి చేరాలి.

పైకి వచ్చేసరికి అచ్చంపేట బస్సు హారన్ కొడుతోంది. చెట్టు కింద ఒక చెంచు మనిషి గోనెసంచీలో ఖాళీ నీళ్ల సీసాలు కుక్కుతున్నాడు. ఇంకో నాలుగు సంచులు అప్పటికే నిండి ఉన్నాయి. రెండు రోజుల్లో గేటు పడుతుందట, మళ్లీ వచ్చే చైత్రం దాకా ఎవరినీ రానివ్వరు. "గేటు పడినంక గూడ మాకు గీ పనే సారూ, వారం దాకా" అన్నాడు. మీ చేతిలోని ఖాళీ సీసా వైపు చూశాడు. తీసుకోలేదు. సంచీ మూతి మీవైపు తిప్పి పట్టుకున్నాడు, మీరే అందులో వేశారు. తర్వాత సంచీ ఒక కొస మీ చేతిలో పెట్టాడు.

"బస్సు ఇంక కదలదులే, డ్రైవరు చాయ్ తాగుతుండు. ఆ ట్రాక్టరు దాకా పట్టు."